బుడమేరు నీళ్ళలో ఐదు రోజులు మునిగిన 1973 అంబాసిడర్: ముందుగా ఏం చేయాలి?

ప్రశ్న: సింగ్‌నగర్ వాసి, విజయవాడ (2024 సెప్టెంబరు 8)

అందరికీ నమస్కారం. మాది అజిత్‌సింగ్ నగర్. సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు వాగు నీళ్ళు మా వీధిలోకి వచ్చాయి. ఇంట్లోని బియ్యం బస్తా, గ్యాసు బండ మేడ మీదికి చేర్చి కిందికి తొంగి చూసేసరికి, షెడ్డులో ఉన్న మా నాన్నగారి అంబాసిడర్ స్టీరింగు దాకా మునిగిపోయి ఉంది. అది ఆయన 1973లో కొత్తగా కొన్న మార్క్ 2 బండి. ఐదు రోజుల పాటు దాని కప్పు మాత్రమే మాకు కనబడుతూ వచ్చింది. మొన్న సాయంత్రానికి గానీ నీళ్ళు తీయలేదు.

ఇప్పుడు కారు లోపల రెండు వేళ్ళ మందాన బురద పేరుకొని ఉంది. ఆయిలు కొలిచే పుల్ల తీసి చూస్తే మట్టం పై గీతను కూడా దాటింది, రంగు పాలు ఎక్కువైన టీలా ఉంది. నాకు తెలిసిన మెకానిక్ ఒకరు వచ్చి, కొత్త బ్యాటరీ పెట్టి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దామని, ఇంజను తిరిగితే మిగిలినవన్నీ తర్వాత చూసుకోవచ్చని అంటున్నారు. మా బావగారేమో పాత ఇనుము వాళ్ళకు ఇచ్చేయమంటున్నారు. నాన్నగారికి 81 ఏళ్ళు. ఆయన ఏమీ అనడం లేదు గానీ, పొద్దున్నే గొడుగు ఊతగా పట్టుకొని షెడ్డు దగ్గరికి వెళ్ళి నిలబడుతున్నారు.

బీమా థర్డ్ పార్టీది మాత్రమే ఉంది. సెల్ఫ్ కొట్టవచ్చా? అసలు ఏ పని ముందు, ఏ పని వెనక చేయాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: పాత స్పానర్, రాజమహేంద్రవరం

అయ్యా, ముందు ఆ సెల్ఫ్ ఆలోచన మానుకోండి. సిలిండరులోకి చేరిన గాలిని పిస్టను నొక్కగలదు గానీ నీళ్ళను నొక్కలేదు. సెల్ఫ్ మోటారు బలానికి పిస్టను పైకి వెళ్ళబోయి నీళ్ళకు అడ్డుపడితే దాని కింద బిగించిన కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అంతవరకు కడిగితే సరిపోయే ఇంజను, ఆ ఒక్క క్షణంలో పూర్తిగా విప్పాల్సిన ఇంజను అవుతుంది. 1986 గోదావరి వరదలప్పుడు నేను షెడ్డులో పనిపిల్లవాడిని. లంకల నుంచి మా దగ్గరికి లాక్కొచ్చిన బండ్లలో నీళ్ళ వల్ల చెడినవాటి కంటే, నీళ్ళు తీయగానే ఆత్రంగా స్టార్టు చేసి చెడగొట్టుకున్నవే ఎక్కువ.

బ్యాటరీ తీగల్లో బాడీకి కలిపి ఉన్నదాన్ని ముందు విప్పి, తర్వాత రెండోది విప్పి, బ్యాటరీని బయట పెట్టేయండి. హ్యాండ్‌బ్రేక్ వదిలేసి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టండి. లాగి ఉంచితే వెనక డ్రమ్ముల్లో లైనింగు తుప్పుతో అతుక్కుపోతుంది. క్లచ్ ప్లేటుకూ అదే గతి పడుతుంది కనుక పెడల్ నొక్కి, సీటుకూ పెడల్‌కూ మధ్య ఒక కర్ర బిగించి ఉంచండి. ఈ రెండూ పది నిమిషాల పనులే గానీ, చేయకపోతే తర్వాత గేర్ బాక్సు దించాల్సి వస్తుంది.

ఇక ఇంజను. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కొక్క రంధ్రంలోకి సగం డీజిలు, సగం ఇంజను ఆయిలు కలిపి నాలుగైదు చెంచాలు పోసి ఒక రాత్రి వదిలేయండి. మీ బండికి ముందు నుంచి హ్యాండిల్ వేసే ఏర్పాటు ఉంది కదా, ఈ కాలపు కార్లకు లేని అదృష్టం అది. మర్నాడు ప్లగ్గులు పెట్టకుండానే హ్యాండిల్ వేసి, పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు నెమ్మదిగా కదిలించండి. కదిలితే నిండు చుట్లు తిప్పండి, రంధ్రాల నుంచి నీళ్ళు చిమ్ముతాయి కాబట్టి మొహం దూరంగా పెట్టుకోండి. కదలకపోతే బలం చేయవద్దు, మళ్ళీ ఆయిలు పోసి ఇంకో రోజు ఆగండి. పెద్ద పైపు తగిలించి తొక్కేవాళ్ళుంటారు, వాళ్ళను షెడ్డులోకి రానివ్వకండి.

చాంబర్ (ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టి) నట్టు విప్పితే ముందు నీళ్ళు, తర్వాత ఆయిలు దిగుతాయి. చాలామంది అక్కడితో ఆపి కొత్త ఆయిలు పోసేస్తారు. వాన నీళ్ళయితే అది సరిపోతుందేమో గానీ, మీ ఇంజనులో ఐదు రోజులు నిలిచింది బుడమేరు బురద. అది చాంబర్ అడుగున పేరుకొని, ఆయిలు పంపు జల్లెడను పూడ్చేస్తుంది. చాంబర్ మొత్తం దించి, జల్లెడ తీసి, కిరోసినుతోనో డీజిలుతోనో కడిగి, కొత్త ప్యాకింగు వేసి ఎక్కించండి. తర్వాత చవక ఆయిలు పోసి హ్యాండిల్‌తో తిప్పి, దాన్ని కూడా పారబోసి, అప్పుడే మంచి ఆయిలు పోయండి. గేర్ బాక్సులోనూ వెనక ఇరుసులోనూ గాలి రంధ్రాల గుండా నీళ్ళు చేరి ఉంటాయి, ఆ రెండింటి ఆయిలూ మార్చాలి. పెట్రోలు ట్యాంకును విప్పి ఆరుబయట ఖాళీ చేయండి. నీళ్ళు పెట్రోలు కంటే బరువు కనుక అడుగునే ఉంటాయి, పైన వాసన బాగానే ఉందని నమ్మవద్దు.

డైనమో, సెల్ఫ్, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, డైనమో కరెంటును అదుపు చేసే కటౌట్ ఈ నాలుగూ ఊడదీసి ఆటోనగర్‌లో వైండింగు పని చేసేవారికి ఇవ్వండి. వైరింగు మీరు భయపడేంత కష్టం కాదు, ఆ బండికి కంప్యూటరు లేదు, ఉన్న తీగలన్నీ ఒక పూటలో లెక్కపెట్టవచ్చు. ప్రతి జాయింటు విప్పి శుభ్రం చేస్తే చాలు.

మరో రెండు మాటలు. సీట్లు తీసేముందు కర్రతో తట్టి చూడండి, వరద తర్వాత కార్లలో పాములు ఉండటం నేను కళ్ళారా చూశాను. మీ వైపు ఫైరింజన్లతో ఇళ్ళు కడుగుతున్నారని విన్నాను. వాళ్ళు సాయం చేస్తామన్నా సరే ఆ గొట్టం కారు మీదికి తిప్పనివ్వకండి, ఆ ఒత్తిడికి బురద అతుకుల్లోకి ఇంకా లోతుగా దూరుతుంది. మామూలు కుళాయి గొట్టంతో, పై నుంచి కిందికి, తేటనీరు కారేదాకా ఓపికగా కడగండి, బురద ఎండక ముందే కడగండి. వీధిలో చల్లే బ్లీచింగ్ పౌడరును వాసన పోతుందని కారులో చల్లకండి, అది ఇనుమును తినేస్తుంది.

జవాబు: సర్వేయర్, గుంటూరు

పై జవాబులోని విషయానికి బీమా కోణం ఒకటి కలుపుతాను. థర్డ్ పార్టీ పాలసీ కింద మీ బండికి జరిగిన నష్టానికి ఏమీ రాదు. సమగ్ర పాలసీ ఉన్నవారికి వరద, తుపాను నష్టం వర్తిస్తుంది. కానీ మునిగిన బండిని సెల్ఫ్ కొట్టడం వల్ల రాడ్డు వంగితే, అది వరద వల్ల నేరుగా కలిగిన నష్టం కాదని, తర్వాత మనిషి చేసిన పనివల్ల వచ్చిందని కంపెనీలు ఇంజను భాగాన్ని తోసిపుచ్చడం మామూలే. కనుక ఇది చదివే మిగిలినవారు బండిని కదపక ముందే, నీటి మట్టం గీత కనబడేట్టు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, బీమా కంపెనీకి కబురు పంపి, ఆ తర్వాతే చేయి పెట్టాలి.

మీ విషయంలో నేను గట్టిగా చెప్పదలచింది వేరే. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించి, మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్ళు దాటిన, అసలు రూపంలోనే ఉన్న సొంత వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తించింది. చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేస్తే ఆ నిర్వచనంలోకి రాదు. మీ బండి నిరుడే ఆ వయసు దాటింది. ఎవరైనా మెకానిక్ ఈ ఇంజను వదిలేసి డీజిలు ఇంజను వేద్దామంటే, ఆ మాట గుర్తుంచుకోండి. అలా నమోదైన బండిని రోజువారీ పనులకు తిప్పకూడదన్న షరతు ఉంది కనుక, ఆ దారి మీకు కావాలో వద్దో నాన్నగారితో కూర్చొని తేల్చుకోండి. ఆర్‌సీ పుస్తకం తడిసి ఉంటే పేజీలు బలవంతంగా విడదీయకుండా, మధ్యమధ్య తెల్లకాగితాలు పెట్టి నీడలో ఆరబెట్టండి.

జవాబు: లెక్కల మనిషి, హైదరాబాదు

నా మాట కొందరికి రుచించకపోవచ్చు. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. టింకరింగు, పెయింటు, సీట్లు, ఇంజను అన్నీ కలిపితే, మంచి స్థితిలో ఉన్న మరో అంబాసిడర్ ధర దాటిపోవచ్చు. వరదలో ఇల్లు దెబ్బతిన్నవారు ముందు ఇంటి సంగతి చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

జవాబు: పాత స్పానర్, రాజమహేంద్రవరం

మీ లెక్క తప్పు కాదు. అయితే నేను చెప్పిన మొదటి వారం పనులకు డబ్బు కంటే ఓపికే ఎక్కువ ఖర్చవుతుంది. అవి చేసి పెట్టుకుంటే, పెయింటు పని వచ్చే ఏడాదికో ఆపై ఏడాదికో వాయిదా వేసుకోవచ్చు. ఇవాళ చేయకపోతే వచ్చే ఏడాది ఆ నిర్ణయం తీసుకునే అవకాశమే ఉండదు. ఇల్లు ముందు అన్నమాట మాత్రం నేనూ ఒప్పుకుంటాను.

జవాబు: అడయారు ఒడ్డున, చెన్నై

2015 డిసెంబరులో అడయారు పొంగినప్పుడు మా ఫియట్ మూడు రోజులు నీళ్ళలో ఉంది. ఇంజను పని పైన చెప్పినట్టే చక్కగా చేయించుకున్నాం. సంక్రాంతికి బండి రోడ్డెక్కింది. అందరం సంబరపడ్డాం. జూన్‌లో ఒకరోజు డ్రైవరు సీటు కింద మడమ పెట్టిన చోట రేకు మెత్తగా కుంగింది.

సంగతేమిటంటే, కాళ్ళ కింద రబ్బరు మ్యాట్లు మాత్రమే తీసి ఆరబెట్టాం, వాటి కింద రేకుకు అతికించి ఉన్న పీచు ఫెల్టును తీయలేదు. పైకి పొడిగా కనిపించిన ఆ ఫెల్టు లోపల తడిబట్టలా ఆరు నెలలు నీటిని పట్టుకొని ఉంది. గరిటెతో గీకితే చద్దన్నంలా ముద్దలు ముద్దలుగా వచ్చింది, దానితోపాటు రేకు పొరలూ వచ్చాయి. దయచేసి ఆ ఫెల్టును ఒక్క అంగుళం కూడా మిగల్చకుండా తీసి పారేయండి. తలుపుల లోపలి అట్టలు విప్పండి, తలుపు అడుగున నీళ్ళు పోయే చీలికలు బురదతో పూడి ఉంటాయి, సైకిలు పుల్లతో పొడిచి తెరవండి. తలుపుల కింద పొడవునా ఉండే బోలు దూలాలలో నీళ్ళు నిలిచి ఉంటాయి. రబ్బరు బిళ్ళలు ఊడదీసి, బండిని ఒక పక్కకు కాస్త జాకీతో లేపి, రెండు రోజులు ఫ్యాను పెట్టి ఆరనిచ్చాక, ఆ బోలులోకి తుప్పు పట్టనివ్వని మైనపు ఆయిలు కొట్టించండి.

హ్యాండ్‌బ్రేక్ తప్ప బ్రేకుల మాట ఎవరూ ఎత్తలేదు, ఆశ్చర్యంగా ఉంది. నాలుగు డ్రమ్ములూ తెరిచి, చక్రాల దగ్గరి సిలిండర్లలో రబ్బరు కప్పులు మార్చి, పాత బ్రేక్ ఆయిలు మొత్తం పారబోయాలి. అది తేమను పీల్చుకొనే ద్రవం. హబ్ బేరింగుల్లో పాత గ్రీజు కడిగి కొత్తది పెట్టించండి. బండి నడవకపోతే ఇంట్లోనే ఉంటుంది, ఆగకపోతేనే ప్రమాదం.

అడిగినవారి నుంచి: సింగ్‌నగర్ వాసి (2024 నవంబరు 24)

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, హైదరాబాదు మిత్రులు అన్నట్టు ఇంటి పనులు ముందు చూసుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వ సాయం ద్విచక్ర వాహనానికి 3,000, ఆటోకు 10,000 రూపాయలని ప్రకటించినప్పుడు, మన బండికి నాలుగు చక్రాలుండటమే నేరమైందని మా నాన్నగారు చాలా రోజుల తర్వాత నవ్వారు.

మెకానిక్‌ను మార్చలేదు. మీ జవాబులు ఆయనకు చదివి వినిపించాను. మొదట చిన్నబుచ్చుకున్నారు గానీ, చాంబర్ దించి చూశాక ఆయనే నన్ను పిలిచి చూపించారు. అడుగున గడ్డపెరుగులా బురద, జల్లెడలో సగం పైగా పూడిక. మూడు సిలిండర్లు బాగానే ఉన్నాయి, నాలుగోదాని గోడ మీద సన్నని తుప్పు గీత కనబడింది. హ్యాండిల్ మొదటి రోజు కదలలేదు, రెండో రోజూ కదలలేదు. పైపు తగిలిద్దామని మా బావగారు అన్నప్పుడు రాజమహేంద్రవరం వారి మాట గుర్తుచేశాను. మూడో రోజు మధ్యాహ్నం నాన్నగారు వచ్చి, తానే హ్యాండిల్ పట్టుకొని అరచేతి బరువు మాత్రమే వేసి అటూ ఇటూ ఊపుతూ పది నిమిషాలు నిలబడ్డారు. కటుక్కుమని ఒక చప్పుడు వచ్చి పావు చుట్టు తిరిగింది.

ఫెల్టు మొత్తం తీసేశాం, ఎడమవైపు నేల రేకులో అరచేయంత ముక్క అప్పటికే పోయింది, దానికి అతుకు వేయించాం. ఆర్‌సీ పుస్తకంలో సిరాతో రాసిన పేజీ చెదిరింది గానీ, ఇంజను నంబరు, చాసిస్ నంబరు చదవడానికి వీలుగానే ఉన్నాయి. ఇంజను అసలుదే ఉంచాం. సీట్లలోని స్ప్రింగులు పనికొచ్చాయి, కొబ్బరిపీచు మాత్రం కొత్తది వేయించాం. పెయింటు ఇప్పుడు కాదు.

పోయిన గురువారం ఇంజను స్టార్టయింది. ఇరవై నిమిషాలు నడిపి, ఆయిలు మళ్ళీ మార్చాం. బ్రేకులు అయ్యేదాకా గేటు దాటించకూడదని నాన్నగారి ఆజ్ఞ. ఒక్క చిక్కు మిగిలింది: స్పీడోమీటరు గాజు లోపల పొద్దునపూట ఇంకా ఆవిరి పడుతోంది, ముల్లు 40 దగ్గర ఆగిపోయింది. అంచు రింగు వంకర పోకుండా దాన్ని విప్పగలిగినవారు ఆటోనగర్‌లో ఎవరైనా ఉంటే, ఏ వీధిలో ఉంటారో చెప్పగలరు.