కలడో లేడో: పైథాన్ కామెంట్‌కి పనికొస్తుందా?

సెమీకోలన్: కొత్తవాళ్లకు పైథాన్ ప్రోగ్రామింగ్ భాష చెప్తున్నాను. బూలియన్ (ట్రూ, ఫాల్స్ అనే రెండే విలువల) పాఠంలో హ్యాష్ (#) పెట్టి, కంప్యూటర్ పట్టించుకోని తెలుగు కామెంట్ రాద్దామంటే పోతన పాదం నోట్లో ఆడుతోంది: "కలడు కలడనెడివాడు కలడో లేడో". ఎక్కడో కుంటుతోంది. ఇంకో సంగతి, ట్రూ, ఫాల్స్‌లకు ఏం రాయను? నిజం-అబద్ధమా, ఒప్పు-తప్పా, కలదు-లేదా?

అరసున్న: కుంటదూ మరి, సున్నా మింగేశారు. "గలఁడు గలండనెడివాఁడు గలఁడో లేఁడో". గణాలు చూడండి: నలం, భ, జ, స, గగం. "లం" లఘువైతే (పొట్టి అక్షరమైతే), మూడో పాదంతో కలిపి లెక్కిస్తే ఆరోదైన గణంలో జగణం పోయి భగణం వచ్చి కూర్చుంటుంది, యతీ జారిపోతుంది. కందపద్యం ఒప్పుకోదు.

మామిడికొమ్మ: మా తాతగారు "అనెడు" అనే చదివేవారు.

అరసున్న: చదవనివ్వండి, గణం మారదు. "లం" జోలికి మాత్రం రాకండి.

గురువింద: బూలియన్‌కు పేరిచ్చిన జార్జ్ బూల్ తన తర్కం పుస్తకం వేసింది 1854లో. పోతన పదిహేనో శతాబ్దం వాడు. ఎవరు ముందు?

సెమీకోలన్: మొదలెట్టారా! పైథాన్‌కే బూల్ టైప్ (ట్రూ, ఫాల్స్‌ల రకం) 2003లో, 2.3 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు 1, 0లతోనే గడిపారు. ఇప్పటికీ ట్రూకి ట్రూ కలిపితే 2 వస్తుంది.

మామిడికొమ్మ: అసలు ఆ "ఓ" సందేహం కదండీ. బూలియన్‌లో సందేహానికి చోటెక్కడ? అది నన్ (None, విలువే లేదని చెప్పేది) అవ్వాలి.

సెమీకోలన్: సందేహం వేరియబుల్ (విలువను దాచుకునే చోటు) పేరులో, జవాబు విలువలో. పైథాన్ 3లో "కలడో" అని తెలుగులోనే పేరు పెట్టుకోవచ్చు. ట్రూ మాత్రం ఇంగ్లీషులోనే, మొదటి అక్షరం పెద్దదిగా రాయాలి.

అరసున్న: వెంటనే వచ్చే సీసపద్యం మరిచారు. "కలిమిలేములు లేకఁ గలుగువాఁడు". రెండింటికీ అవతలివాడు. ఆ ఒక్క ముక్క కోసం పోతన కాళ్లకు మొక్కొచ్చు.

గురువింద: నన్‌ని బూల్ ఫంక్షన్‌లో వేస్తే ఫాల్స్ వస్తుందటగా. నాస్తికులకు పండగే.

సెమీకోలన్: అదే బూల్‌కి "లేడు" అని కోట్స్‌లో పెట్టి ఇవ్వండి, ట్రూ అంటుంది! ఖాళీ కాని స్ట్రింగ్ (కోట్స్‌లో పెట్టిన అక్షరాలు) ఏదైనా దానికి ట్రూయే.

అరసున్న: ఆహా, ఇది పోతనకు నచ్చేది.

మామిడికొమ్మ: కామెంట్ సంగతికొస్తే ధర్మరాజును మించినవాడు లేడు. "అశ్వత్థామ హతః" కోడు, "కుంజరః" హ్యాష్ తర్వాతది. ద్రోణుడు అచ్చం కోడ్ నడిపే ఇంటర్‌ప్రెటర్‌లా దాన్ని వదిలేశాడు.

సెమీకోలన్: కోడ్‌తో పేచీ పెట్టుకునే కామెంట్ కంటే అసలు లేకపోవడమే నయమని పైథాన్ శైలి నియమాల పత్రం పెప్ 8 మాట. అదే కుంజరాన్ని ఫంక్షన్ మొదట్లో మూడేసి కోట్స్ మధ్య డాక్‌స్ట్రింగ్‌గా (వివరణగా) రాసుంటే పోయేది కాదు, హెల్ప్ అని అడిగితే కనబడేది.

గురువింద: ద్రోణుడు అడిగాడుగా! అడిగినందుకేగా ఆ జవాబు.

అరసున్న: "నరో వా కుంజరో వా" అని కదా నానుడి? అక్కడా ఆ "వా" (లేదా)తోనే చిక్కు...