పరాకు: ఏమరుపా, హెచ్చరికా?

అరసున్న: కూర తరుగుతుంటే గ్యాసు బిల్లు, ఎవరో అన్న మాట, పాత పాట ముక్క వచ్చి పోతుంటాయి, ఒక్కటీ నిలవదు. ఈ స్థితిని ‘పరాకు’ అంటాం. నాటకంలో భటుడు ‘బహుపరాక్’ అని అరిస్తే మాత్రం ‘జాగ్రత్త’! మరి ‘పరాకు నీకేలరా’లో ఏది? తర్వాతి ముక్క నాలిక మీదే ఉంది, రావట్లేదు.

తేటగీతి: అది కిరణావళి రాగంలో త్యాగయ్య కృతి. ‘ఏల’ ఉంది కనక ఏమరుపే. శ్యామశాస్త్రి కేదారగౌళ ‘పరాకేల నన్ను’ కూడా అంతే. త్యాగయ్యదే ‘పరాకు జేసిన’ చూడండి, అసలు రుచి అక్కడుంది. పరాకుగా ఉండటం తెలియక జరిగేది, పరాకు చేయటం తెలిసి చేసే ఉపేక్ష. రాముడి మీద ఆయన నిష్ఠూరమంతా ఆ ‘చేయు’లోనే.

శకటరేఫ: భటుడిది ‘పరాకు వలదు’. అరుపులో ‘వలదు’ రాలిపోయింది, అంతే.

గసడదవ: అసలు అర్థాన్ని మోసే మాటే రాలుతుందా శకటరేఫగారూ? ‘పాము!’ అని అరిస్తే పాము కావాలనా? ప్రమాదం పేరు చెబితే చాలు, అదే హెచ్చరిక. పైగా తమిళంలో ‘పరాక్కు పార్క్కాదే’ అంటే దిక్కులు చూడకు అని. కన్నడంలో ‘బహుపరాక్’ జేజేలైపోయింది. మూడు భాషల్లోనూ ‘వలదు’ రాలిందా?

శకటరేఫ: సరే, మూలానికే పోదాం. కఠోపనిషత్తు ‘పరాంచి ఖాని’. ఇంద్రియాలు బయటికి తెరుచుకున్నాయి. పరాక్ అంటే బయటివైపు, ప్రత్యక్ దానికి ఎదురు. రాజుని ‘ఇటు బయటికి చూడు’ అంటే హెచ్చరిక, మనసు బయటికి పోతే ఏమరుపు. ‘పరాగ్గా’లో గకారం కూడా సంస్కృత సంధే, వాగ్గేయంలాగా.

గసడదవ: అక్కడే కాలు జారింది. చురుకుగా చురుగ్గా, ఇరుకుగా ఇరుగ్గా. ఇవన్నీ సంస్కృతమా? ఉకారం పోయి కకారం గకారమైంది, శుద్ధ తెలుగు పద్ధతి. ‘పరాక్’ మూలమంటే ఒప్పుకుంటాను, ‘గ్గా’ మాత్రం మనది.

తేటగీతి: అరసున్నగారూ, మీ తరుగుడు ఆలోచనల్ని ‘పరధ్యానం’ అనొచ్చుగా అంటారేమో, ఆ మాట సరిపోదు. ధ్యానమంటే ఒకదాని మీద నిలవాలి. నిలవనిది పరాకే.

శకటరేఫ: ‘పెళ్లి పరాకులో ఉన్నాడు’ అనరా మరి? అది ఒకదాని మీద నిలిచినట్టేగా!

తేటగీతి: అది ‘పెళ్లి హడావుడి’ అండీ. మీరు ఏ ఊళ్లో విన్నారో చెప్పండి ముందు.

అరసున్న: ‘రామ’! ‘పరాకు నీకేలరా రామ’. ఇప్పుడొచ్చింది. ఇంతకీ భటుడిది...

గసడదవ: ముందు శకటరేఫగారి ఊరు తేలనివ్వండి.