రష్యన్ ‘బోగ్’ (దేవుడు) మాటలు ఇంగ్లిష్‌ల ఎట్ల రాయాలె?

ప్రశ్న (హన్మకొండ): రష్యన్ నాటకం డైలాగులు ఇంగ్లిష్‌లకు మారుస్తున్న. బాకీ ఎగ్గొట్టినోని గురించి ఒకామె ‘బోగ్ స్ నిమ్’ అంటది. ‘గాడ్ బి విత్ హిమ్’ అని పెడితే దీవించినట్టున్నది. ఏం రాయాలె?

జవాబు: మాటకు మాట పెడితే అట్లనే అయితది తమ్మీ. అది మన ‘పోనీ తియ్’. ‘లెట్ ఇట్ గో’ సరిపోతది. ‘స్ బోగమ్’ మాత్రం వేరే, ఎవరన్న బయలెల్లేటప్పుడు అంటరు. ‘గుడ్ లక్’ చాలు, పాతకాలం పాత్రయితే ‘గాడ్‌స్పీడ్’.

జవాబు: అసలు తిప్పలు ‘రాది బోగా’తోని. బతిమాలితే ‘ఫర్ గాడ్స్ సేక్’. కానీ “కిటికీ తెరువచ్చునా?” అని అడిగితే “రాది బోగా” అంటరు, అంటే ‘తెరువు, నాకేం’ అని. అక్కడ ‘గో అహెడ్’ రాయాలె; ‘ఫర్ గాడ్స్ సేక్’ అంటే విసుక్కున్నట్టయితది. అందుకే ముందటి డైలాగు చూడకుండ అనువదించొద్దు. ‘స్లావ బోగు’ సుత అంతే: మాటల్ల ‘థాంక్ గాడ్’, ప్రార్థనల ‘గ్లోరీ టు గాడ్’.

జవాబు: ‘స్పసీబా’ పుట్టింది ‘దేవుడు రక్షించుగాక’ అనే మాటలకెల్లే. అయినా ఇప్పుడు ఉత్త ‘థాంక్స్’, దాంట్ల దేవుణ్ని ఎతకకు. ‘నె దాయ్ బోగ్’కు ‘గాడ్ ఫర్బిడ్’ మస్తు కుదురుతది. సోవియట్ కాలం అచ్చుల ‘బోగ్’కు చిన్నక్షరమే ఎక్కువ, దాన్ని చూసి పాత్ర నాస్తికుడనుకోవద్దు.

ప్రశ్న అడిగినాయన: ‘లెట్ ఇట్ గో’నే పెడుతున్న అన్నా. కిటికీ డైలాగు రెండో అంకంల నిజంగనే ఉన్నది, మార్చాలె.