"గాలీ ధూళీ": గాలికి మొకమేటి?

మొదటి పోస్టు, విజయనగరం నుంచి

పెద్దలకు నమస్కారం. ఒక నుడికారం గురించి అడగాలని రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మొన్న ఆదివారం మా మేనల్లుణ్ని తీసుకుని దెయ్యం సినిమాకు వెళ్ళాను. మొదటి సగం హాలు హాలంతా బిక్కచచ్చిపోయి కూర్చుంది. తెర మీద పెద్దగా ఏమీ లేదు. పాత ఇల్లు, అటక మీద ఎవరో నడుస్తున్న చప్పుడు, ఉయ్యాల బల్ల దానంతటదే ఊగడం, అంతే. ఇంటర్వెల్ తర్వాత దెయ్యం కనబడింది. తెల్ల కళ్ళు, కాలిన చర్మం, విరబోసుకున్న జుట్టు. మొదటిసారి అందరూ కెవ్వుమన్నారు. రెండోసారి కొందరే. మూడోసారికి వెనక వరసలో నవ్వులు మొదలయ్యాయి. ఇంటికి వస్తూ మావాడు అన్నాడు: "మావయ్యా, అది కనబడిన దగ్గర్నుంచి నాకు భయం పోయింది."

ఇంటికొచ్చాక ఇదే మాట మా అమ్మతో చెప్పాడు. అమ్మది టెక్కలి దగ్గర పల్లె. బియ్యం ఏరుకుంటూ తల ఎత్తకుండానే అంది: "గాలికి మొకమేటిరా? కనపడితే అది గాలెలాగవుతాది?"

అప్పట్నుంచి ఈ మాట నన్ను వదలడం లేదు. మనవైపు పసిపిల్లాడు ఏ కారణం లేకుండా గుక్కపట్టి ఏడిస్తే, వేళ కాని వేళ చింతతోపులోంచి వచ్చినవాడికి ఒళ్ళు వెచ్చబడితే, "గాలీ ధూళీ సోకిందేమో" అంటారు. దెయ్యం అని పేరు పెట్టి అనరు. పేరు పలకడానికి జంకు ఒక కారణం కావచ్చు. కానీ దానికి బదులు ఎంచుకున్న మాటలు చూడండి. గాలి కంటికి కనబడదు. అది వచ్చిందని మనకు తెలిసేది ధూళి లేచినప్పుడే. ఒకటి కనబడనిది, రెండోది దాని జాడ. ఇది వ్యుత్పత్తి అని నేననను, నాకు తోచిన అర్థం. అటక మీద చప్పుడు ధూళి. ఊగే ఉయ్యాల ధూళి. ఆ సినిమా ధూళి చూపించినంతసేపు మమ్మల్ని భయపెట్టింది. గాలికి మొహం తగిలించగానే చప్పబడిపోయింది.

క్రియల సంగతి ఇంకా బాగుంది. దెయ్యం "పట్టుతుంది". గాలి "సోకుతుంది", లేదా "తగులుతుంది". "దెయ్యం సోకింది" అనే మాట మా ఇళ్ళలో నేను వినలేదు. పట్టడంలో చెయ్యి ఉంది, బలం ఉంది, పెనుగులాట ఉంది. సోకడంలో అవేమీ లేవు. ఎండ సోకుతుంది, మంచు సోకుతుంది, అంటురోగం సోకుతుంది. ఎప్పుడు సోకిందో సోకినవాడికే తెలియదు. సినిమాలో ఆ మనిషికి ఏదో సోకిందని మనకు తెలిసి, వాడికి ఇంకా తెలియని ఆ కాసేపే కదా మనం ఊపిరి బిగబట్టేది! పాత కావ్యభాషలో "సోకు" అంటే పిశాచం, రాక్షసుడు అనే అర్థం కూడా ఉంది. "సోకుమూకలు" అంటే రాక్షస గుంపులు. ఇప్పుడు మనం సింగారానికి అనే సోకు వేరు, అది ఉర్దూ నుంచి వచ్చిన షోకు.

మీ ఊళ్ళో ఏ క్రియ వాడతారు? గాలికి ధూళి ఎందుకు జతపడింది? ఈ రెండూ చెప్పండి.

కవిటి మండలం నుంచి

అన్నయ్యా, మాకు "తగిలింది" అనడమే అలవాటు. "గాలి తగిలినట్టుంది, ఉప్పు తిప్పీయండి" అనేది మా నాయనమ్మ.

మీ అమ్మగారి మాట చదివాక నాకు తిత్లీ తుఫాను రాత్రి గుర్తొచ్చింది. 2018 అక్టోబరు 11, తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. మాకు కరెంటు ముందే పోయింది. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో ఉన్నాం. చూడడానికి ఏమీ లేదు, వినడమే. గాలి హోరు మధ్యలో కొబ్బరిచెట్టు విరిగితే ఒక చప్పుడు, జీడిచెట్టు వేళ్ళతో లేచిపోతే ఇంకో చప్పుడు. ఏ చెట్టో, ఎవరి తోటలోనో, ఇంటి మీదికో అవతలికో తెలియదు. ఒక చప్పుడుకీ తర్వాతి చప్పుడుకీ నడుమ ఎదురుచూసేదే నరకం. తెల్లారాక తలుపు తీస్తే తోటంతా నేల మీద ఉంది. ముప్ఫై ఏళ్ళ చెట్లు. గొల్లుమని ఏడ్చాం. కానీ రాత్రి వేసిన భయం అప్పుడు లేదు. కనబడింది కదా, ఇక ఏడుపే మిగిలింది.

ఇప్పటికీ సినిమాలో తలుపు అవతల గాలి చప్పుడు పెడితే నేను చెవులు మూసుకుంటాను. కళ్ళు మూసుకుంటే లాభం లేదు.

రాజాం నుంచి

అక్కా, మీరన్నది నా పనికి సంబంధించిన మాట. నేను సౌండ్ మిక్సింగ్ చేస్తాను. కన్ను ముందువైపే చూస్తుంది, చెవికి నాలుగు దిక్కులూ ఒకటే, చీకటి అడ్డు రాదు. అందుకే తెరలో లేనిదాన్ని చెవితో తెప్పిస్తాం. సన్నటి చప్పుడు ఎటునుంచి వచ్చిందో చెవి సులువుగా పోల్చుకుంటుంది. బొంగురుగా, లోతుగా ఉండే శబ్దమైతే దిక్కు పోల్చుకోలేదు. సెకనుకు ఇరవై కంపనాల దగ్గరికి దిగేసరికి అది వినబడడం కన్నా గుండెల్లో అదిరినట్టు ఉంటుంది. "ఏదో ఉంది, ఎక్కడుందో తెలియదు" అనిపించడానికి అది చాలు.

ఇంకో సంగతి. భయానికి మనకు చాలా మాటలున్నాయి, సినిమావాళ్ళం అన్నిటినీ కలిపేస్తున్నాం. నిశ్శబ్దంగా ఉంచి ఢామ్మని కొడితే వచ్చేది ఉలికిపాటు. అది ఒంటి గుణం. కుక్కర్ విజిల్‌కు కూడా ఉలిక్కిపడతాం, దానికి దెయ్యం అక్కర్లేదు. గుబులు వేరు. అది మెల్లగా పోగవుతుంది, ఇంటికి కూడా వెంట వస్తుంది. జడుపు ఇంకా వేరు, పిల్లలు జడుసుకుంటే రెండు రోజులు జ్వరం కాస్తుంది. ఉలికిపాటు చవక, గుబులుకు టైం కావాలి. ఎడిటింగ్‌లో ముందు కోసేసేది ఆ టైమునే. అది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

శ్రీకాకుళం నుంచి

నేను ఒప్పుకోను. కడదాకా దాచిపెడితే చూసేవాడికి మోసం చేసినట్టే. చిన్నప్పుడు మా వీధిలో భాగోతం ఆడేవారు. రాక్షస వేషం వచ్చే ముందు ఇద్దరు తెర పట్టుకుని నిలబడేవారు. తెర కింద గజ్జెల కాళ్ళు మాత్రం కనబడేవి. వెనకనుంచి అరుపు. కాగడా మీద గుగ్గిలం పొడి జల్లితే మంట భగ్గున లేచేది. మేం అమ్మ చీర కుచ్చెళ్ళలో దూరిపోయేవాళ్ళం. ఆ తర్వాత తెర దించి మొహం చూపించేవారు, అప్పుడు కూడా భయం తగ్గేది కాదు. కాబట్టి మొహం చూపించడం తప్పు కాదు. గజ్జెల కాళ్ళు చూపించకుండా ఒక్కసారిగా మొహం చూపించడం తప్పు.

ఒక పెద్దాయన, సంస్కృతం బోధించి రిటైరయ్యారు

ఇద్దరి మాటా చెల్లుతుంది నాయనా. నాట్యశాస్త్రంలో భయానక రసానికి విభావాలు, అంటే ఆ భయం పుట్టడానికి కారణాలు, చెబుతూ భరతుడు మొట్టమొదట వేసిన మాట "వికృతరవం", వింత చప్పుడు. ఆ వెంటనే "సత్త్వదర్శనం", భూతం కంటబడడం. తర్వాత నక్కలు, గుడ్లగూబలు, శూన్యాగారం అంటే పాడుబడ్డ ఇల్లు, అడవి. అయినవాళ్ళ చావునో, బంధనాన్నో చూడడమే కాదు, వినడం, చెప్పుకోవడం కూడా కారణాలే అన్నాడు. వరసలో చెవి ముందు, కన్ను తర్వాత.

ఆపైన అనుభావాలు, అంటే భయం బయటికి కనబడే గుర్తులు: చేతులు వణకడం, ఒళ్ళు గగుర్పొడవడం, రంగు పోవడం, గొంతు మారడం. ఇవన్నీ భయపడినవాడివి, భయపెట్టేదానివి కావు. దెయ్యానికి మేకప్ వేసే శ్రద్ధలో సగం, దాన్ని చూసిన మనిషి మొహం మీద పెడితే చాలు.

సస్పెన్స్‌కు పత్రికల్లో "ఉత్కంఠ" అని రాస్తున్నారు. అది మొదట విరహానికి చెందిన మాట. కావ్యాల్లో చెప్పే అష్టవిధ నాయికల్లో, ప్రియుడి కోసం ఎదురుచూసే విరహోత్కంఠిత ఒకతె. ఉత్కంఠ అంటే మెడ చాచి ఎదురుచూడడం. రావలసినవాడి కోసమైనా, రాకూడనిదాని కోసమైనా చాచే మెడ ఒకటే. దెయ్యం సంగతీ అంతే. అది దైవానికి వికృతి. పాత తెలుగులో దయ్యము అంటే దేవుడని కూడా అర్థం.

చెన్నై నుంచి, సొంతూరు ఇచ్ఛాపురం

ఇక్కడ తమిళంలో "కాత్తు కరుప్పు" అంటారు. కాత్తు గాలి, కరుప్పు నలుపు. మనం గాలికి ధూళిని జతచేస్తే వీళ్ళు చీకటిని చేశారు. కన్నడంలోనూ గాలి అంటే ఈ అర్థం ఉంది.

శృంగవరపుకోట వైపు పనిచేసే ఒక నర్సు

అన్నయ్యా, నాకూ దెయ్యం సినిమాలంటే ఇష్టమే. కానీ ఈ మాట మా పనిలో ఎంత చేటు చేసిందో చెప్పకుండా ఉండలేను. చలితో వణుకుతున్న పిల్లను "గాలి సోకింది" అని మూడు రోజులు తాయెత్తుతో ఉంచి, మాట పడిపోయాక తెస్తారు. రక్తం చూస్తే మలేరియా. ఆ మాటకు ఇటలీ భాషలో అర్థం ఏమిటో తెలుసా? చెడ్డ గాలి! వాళ్ళూ గాలే అనుకున్నారు. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని చూశాకే గాలి మీది నేరం దోమ మీదికి పోయింది. చిల్లంగి, అంటే చేతబడి, సంగతి ఇంకా ఘోరం. ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఊళ్ళున్నాయి. గాలికి మొహం లేదన్నంతవరకు ఎవరికీ హాని లేదు. దానికి పక్కింటి ముసలమ్మ మొహం తగిలించినప్పుడే ప్రాణాలు పోతాయి. సినిమా తీసేవాళ్ళు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోవాలి.

అయితే నన్ను బాగా భయపెట్టిన సినిమాలన్నీ జ్వరంతోనే మొదలయ్యాయి. జ్వరమా, గాలా? డాక్టరు చెప్పిందీ నిజమే అనిపించాలి, అమ్మమ్మ చెప్పిందీ నిజమే అనిపించాలి. ఏదో ఒకటి తేలిపోగానే నాకు టెన్షన్ పోతుంది.

మొదటి పోస్టు రాసినవారు

అమ్మా, మీరు రాసింది ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఆ జాగ్రత్త నేనే ముందు చెప్పి ఉండాల్సింది. శ్రీకాకుళం అన్నగారూ, గజ్జెల కాళ్ళకు నేను తలవంచుతున్నాను. నా మొదటి మాట సవరించుకుంటున్నాను: మొహం చూపించొచ్చు, ముందు దానికి తెర పట్టాలి. మాస్టారూ, దయ్యము మాట మీద ఇంకో చర్చ మీరే మొదలుపెట్టాలి.

నా రెండో ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. అందుకని రాత్రి అన్నాల దగ్గర అమ్మనే అడిగాను, గాలి సరే, ధూళి ఎందుకే అని. పెద్దగా ఆలోచించలేదు. "గాలి బయటే ఉంటాది బాబూ. ధూళి మన కాళ్ళతో ఇంట్లోకొచ్చీస్తాది. అందుకే కదా కాళ్ళు కడుక్కుని రమ్మనీది."

మా మేనల్లుడు అప్పటికే మంచమెక్కి ఉన్నాడు. ఇది విని కిందికి దిగి పెరట్లో లైటు వేయించుకుని, నన్ను తోడు రమ్మని, కాళ్ళు కడుక్కుని వచ్చి పడుకున్నాడు.