న్యూజెర్సీ ఫార్మాలో కొత్తగా చేరిన సోదరికి: హెచ్‌బీఏ సభ్యత్వం గురించి

నమస్కారమండీ.

హైదరాబాద్‌లో రెగ్యులేటరీ (మందుల అనుమతులు చూసే) విభాగంలో పనిచేసి ఇక్కడికి వచ్చానని, హెచ్‌బీఏలో చేరమని ఆఫీసులో ఎవరో సలహా ఇచ్చారని, చేరితే నిజంగా ఉపయోగం ఉంటుందా అని అడిగారు. ఉంటుంది, కానీ సభ్యత్వ రుసుము కట్టి ఊరుకుంటే ఉండదు.

హెచ్‌బీఏ, అంటే హెల్త్‌కేర్ బిజినెస్‌వుమెన్స్ అసోసియేషన్, 1977లో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ. ఫార్మా, బయోటెక్, వైద్య పరికరాల రంగాల్లో మహిళలు నాయకత్వ స్థానాలకు చేరడానికి తోడ్పడటం దాని పని. ఆ ఎదుగుదల ఎంత నెమ్మదిగా సాగిందో చూడండి: ఎమ్మా వామ్స్‌లీ బ్రిటన్ ఫార్మా కంపెనీ జీఎస్‌కేకు సీఈఓ అయింది 2017లో, ముంబైలో పుట్టిన రేష్మా కేవల్‌రమణి అమెరికా బయోటెక్ కంపెనీ వర్టెక్స్‌కు సీఈఓ అయింది 2020లో. కాబట్టి చేరిన ఏడాదికే పదోన్నతి వస్తుందని ఆశ పెట్టుకోకండి.

ముందుగా మీ కంపెనీ హెచ్‌బీఏకు కార్పొరేట్ భాగస్వామి అవునో కాదో హెచ్‌ఆర్‌ను అడగండి. భాగస్వామి అయితే మీ జేబులోంచి పెట్టే ఖర్చు తగ్గవచ్చు. ‘వుమన్ ఆఫ్ ద ఇయర్’ పురస్కార సభ ఘనంగానే ఉంటుంది గానీ, కొత్తవారికి అక్కడ చప్పట్లు కొట్టడం తప్ప పెద్దగా పని ఉండదని నా అభిప్రాయం. దానికన్నా స్థానిక శాఖలో ఏదో ఒక కమిటీలో స్వచ్ఛందంగా పనిచేయండి. వక్తలను పిలిచే బాధ్యతో, మెంటరింగ్ బృందాల ఏర్పాటో మీ చేతికి వస్తే, మామూలుగా మీ ఈమెయిల్‌కు జవాబివ్వని డైరెక్టర్ స్థాయి వారితో పని మీదే మాట్లాడే వీలు కలుగుతుంది. మీరు మాట తప్పకుండా పని పూర్తి చేస్తారని వారు కళ్లారా చూస్తారు, రేపు ఒక ఖాళీ వచ్చినప్పుడు మీ పేరు చెప్పేది వారే.

పరిచయం చేసుకునే తీరు కూడా మార్చుకోవాలి. ‘మా టీమ్ ఫైలింగ్స్ (మందు అనుమతి దరఖాస్తులు) చూసుకునేది’ అని చెప్పడం మనకు వినయమే, కానీ ఎదుటివారికి అందులో మీరు కనబడరు. ‘మాడ్యూల్ 3లో (దరఖాస్తులో మందు నాణ్యత గురించిన విభాగం) స్టెబిలిటీ భాగం (మందు ఎంతకాలం చెడకుండా ఉంటుందన్నది) నేను రాశాను, ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) అడిగిన ప్రశ్నలకు జవాబులు నేనే తయారు చేశాను’ అని చెప్పండి. మందు పేరు మాత్రం చెప్పకండి, పాత కంపెనీతో చేసుకున్న గోప్యతా ఒప్పందం ఇక్కడా వర్తిస్తుంది. మెంటర్ దొరికితే ‘నాకు మార్గం చూపండి’ అని బరువంతా వారి మీద పెట్టకుండా, లేబులింగ్ (మందు లేబుల్ మీది సమాచారం) వైపు మారాలా, సీఎంసీలోనే (మందు తయారీ, నాణ్యత వివరాలు చూసే పని) కొనసాగాలా వంటి ఒక్క ప్రశ్నతో వెళ్లండి.

— ఎడిసన్ నుంచి ఒక అక్క

పైన అక్కయ్య గారు చెప్పినదానికి మరొకరి చేర్పు. జీతం లేని కమిటీ పని వేరు, డబ్బు తీసుకుని చేసే పని వేరు. మీరు హెచ్‌-1బీ (అమెరికా ఉద్యోగ వీసా) మీద ఉంటే, ఎవరైనా ప్రసంగానికో సలహాకో పారితోషికం ఇస్తామన్నప్పుడు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగకుండా ఒప్పుకోవద్దు. న్యూజెర్సీ రాష్ట్రానికి దక్షిణాన, చెర్రీ హిల్ వైపు ఉంటే న్యూయార్క్ దాకా వెళ్లడం కన్నా ఫిలడెల్ఫియా శాఖ సమావేశాలే మీకు దగ్గర.