సిరొంచ కాడి నది మీద పిహెచ్‌డీ: 1947 కాడ ఆపాల్నా, మేడిగడ్డ దాకా రావాల్నా?

ప్రాణహిత ఒడ్డు:
మాది సిరొంచ, మహారాష్ట్ర గడ్చిరోలీ జిల్లా. బడి మరాఠీల, ఇంట్ల తెలుగు, అంగట్ల రెండూ. నాగ్‌పూర్‌ల చరిత్ర మీద పిహెచ్‌డీ చేస్తున్న, రెండో ఏడు. అంశం మా ప్రాణహిత, గోదావరే. 1860 నుంచి 2023 దాకా రాస్తనని సినాప్సిస్ (ఏం రాస్తనో చెప్పే కాగితం) పెట్టిన. గైడ్ సారు 1947 కాడ ఎర్రపెన్నుతోని గీత కొట్టిండు. "ఆ తర్వాతది చరిత్ర కాదు, పేపరోళ్ళ పని" అన్నడు. వచ్చే నెల మళ్ళ ఇయ్యాలె, మీరేమంటరు?

నా లెక్క ఇది. 1860ల నిజాం గోదావరి ఎడమ ఒడ్డు ఇంగ్లీషోళ్ళకు రాసిచ్చిండు. ఆయనకు నల్‌దుర్గ్, రాయచూరు దోఆబ్ తిరిగొచ్చినయి, షోరాపూర్ కూడ దక్కింది. అదే ఒప్పందంల గోదావరి మీద పోయే సరుకుకు సుంకం ఎత్తేసిండ్రు. ఎందుకంటే వార్ధా లోయ పత్తిని పడవల మీద కాకినాడకు దించాలని వాళ్ళ ఆలోచన. ఆ ఎనుకనే అమెరికాల యుద్ధమొచ్చి పత్తికి కరువొచ్చింది. నదికి అడ్డమున్న బండలు మూడు చోట్ల: దుమ్ముగూడెం, ఇచ్ఛంపల్లి, మూడోది ప్రాణహిత దిక్కు. అక్కడ కాలువలు, లాకులు తవ్వుడు మొదలువెట్టిండ్రు. 1867ల బొంబాయి రైలు నాగ్‌పూర్‌కు వచ్చింది. పడవతోని పనేముంది ఇగ? 1871ల ఆపేసిండ్రు. దుమ్ముగూడెం ఆనకట్ట మిగిలింది, సరిహద్దు మిగిలింది. మాతోపాటు పోయిన భద్రాచలం 1874ల మద్రాసుకు మారింది, మేం చాందా (ఇప్పటి చంద్రాపూర్) జిల్లాల కలిసినం. ఇయ్యాల మేం మహారాష్ట్రల ఉన్నమంటే ఆ నడవని పడవ దారి పుణ్యమే.

మళ్ళ అదే నీళ్ళ మీద మేడిగడ్డ బ్యారేజీ లేచింది. 85 గేట్లు. తెలంగాణ ఒడ్డున మేడిగడ్డ, మా ఒడ్డున పోచంపల్లి. 2016 ఆగస్టుల రెండు రాష్ట్రాలు 100 మీటర్ల మట్టానికి సంతకం పెట్టినయి, 2019 జూన్ 21న ప్రారంభం, 2023 అక్టోబర్ 21న పిల్లర్లు కుంగినయి. నడుమ మా ఒడ్డు పొలాలు మునిగినయి. మా బాపుది కూడ. 1947 కాడ ఆపితే మా బాపు పొలం నా థీసిస్‌ల ఉండది.

నీటిలెక్క:
బాబూ, ఆఖరి వాక్యంలోనే మీ గైడ్ మాట నిజమని మీరే చెప్పేశారు. నాన్నగారి పొలం మునిగినవాడు ఆ ముంపు మీద చరిత్ర రాయకూడదు. నేను నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేశాను, గోదావరి మీదే ఎక్కువ. అందుకని నన్ను కూడా అనుమానించండి, పర్వాలేదు.

ఒక్క లెక్క చెబుతాను. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. అందరూ మేడిగడ్డ బ్యారేజీ వల్లే అన్నారు. 1986 ఆగస్టులో అదే చోట 75.6 అడుగులు. అప్పుడు ఏ బ్యారేజీ ఉందండీ? వరద వచ్చే నది ఒడ్డున వరద రావడం వార్త కూడా కాదు.

అంకీస మాస్టరు:
నీటిలెక్క గారూ, మీ లెక్క భద్రాచలం లెక్క. మేముండేది సిరొంచ తాలూకాలో. సోమనూరు దగ్గర ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది, అది మేడిగడ్డకు కింద. బస్తర్ వానంతా ఆ దారినే వస్తుంది. భద్రాచలం అడుగులు పట్టుకొని సిరొంచ ముంపు మాట్లాడితే ఇంద్రావతి నీళ్ళు మా పద్దులో వేసినట్టే. ముప్పై ఏళ్ళు నీటి శాఖలో ఉన్న మీకు నేను చెప్పాల్సిన మాట కాదిది.

తమ్మీ, నీకూ ఒక మాట. 1986 వరద నేను చూశాను, అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. రెండు రాత్రులు బడి కప్పు మీద ఉన్నాం, కింద ఎవరిదో దూడ అరుస్తూనే ఉంది. ఇప్పుడు మా వీధిలో ఎవర్నడిగినా "గంత పెద్దది మళ్ళ రాలే" అంటారు. అదే మనిషిని తలాఠీ (ఊరి భూమి లెక్కలు రాసే ఉద్యోగి) ముందర అడుగు, "ఇసొంటిది ఎన్నడు రాలే" అంటాడు 2022 గురించి. రెండుసార్లూ అబద్ధమాడడు. 1986లో నీళ్ళొచ్చాయి, పోయాయి. 2022 నీళ్ళు పోలేదు, నిలిచాయి. ఆ తేడాకు వాడి దగ్గర వేరే మాట లేదు, అందుకే "పెద్దది" అంటాడు. నువ్వు ఆ మాటను అడుగుల్లో కొలిస్తే తప్పు నీది.

ఎగ్మోర్ పురుగు:
నేను చరిత్ర పాఠాలు చెప్పుకొనే మనిషిని, సెలవులన్నీ చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లోని పాత కాగితాల మధ్య గడుస్తాయి. 1947 గీత వట్టి సోమరితనం. నదికి ఆగస్టు 15 తెలియదు. కానీ మీరు గీసిన గీత కూడా నాకు నచ్చలేదు. 1860లో మొదలై తిన్నగా 2023కి వచ్చే కథలో అన్నీ చక్కగా అతుకుతున్నాయంటే ఎక్కడో ఏదో దాచి ఉంటారు.

1871లో పని ఆగింది. తరువాత మీ సినాప్సిస్‌లో ఏముంటుందో చెప్పనా? ఇచ్ఛంపల్లి ప్రాజెక్టు, గోదావరి నీళ్ళ పంపకం మీద 1980 బచావత్ ట్రిబ్యునల్ తీర్పు, మేడిగడ్డ. నడుమ వందేళ్ళు సిరొంచలో మనుషులు ఏం చేశారు? చేతులు కట్టుకొని ఆనకట్ట కోసం ఎదురు చూశారా? పెద్ద కట్టడాలకు ఫైళ్ళుంటాయి కాబట్టి మనం వాటి వెంటే పోతాం. ఫైలు లేని వందేళ్ళను దాటేసి దానికి పర్యావరణ చరిత్ర అని పేరు పెడతాం.

కాగితాల సంగతి కూడా చెబుతాను, ఉపయోగపడొచ్చు. ఆ నౌకాయానం పని మొదట మద్రాసు పబ్లిక్ వర్క్స్ వాళ్ళది, కెప్టెన్ హేగ్ చూసేవాడు, వెనక ఆర్థర్ కాటన్ పట్టు. కాబట్టి ఎగ్మోర్ రండి. 1861లో సెంట్రల్ ప్రావిన్సెస్ ఏర్పడింది, తరువాతి కాగితాలు అటు వెళ్ళాయి, వాటికి నాగ్‌పూర్, భోపాల్. నిజాం వైపు చూపు కావాలంటే హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్, అక్కడ ఉర్దూ, పార్శీ వచ్చిన మనిషిని వెంట తీసుకెళ్ళండి. 1870 నాటి చార్లెస్ గ్రాంట్ గెజిటీర్‌లో సిరొంచ పద్దు చదివే ఉంటారు. మళ్ళీ చదవండి, ఈసారి నది గురించి కాకుండా అడవి గురించి.

మోడరేటర్:
మేడిగడ్డ కాంట్రాక్టులో ఎవరు తిన్నారనే పోస్టులు మూడు తీసేశాను. దానికి వేరే గది ఉంది, అక్కడ కొట్టుకోండి.

ప్రాణహిత ఒడ్డు:
పురుగు సారూ, నిజం చెప్తున్న, ఆ నడుమ భాగానికి నేను రాసింది రెండు పేజీలే. అన్ని కట్టడాలే రాసిన. మీరు అడవి అన్నంక మా తాత మాటలు యాదికొచ్చినయి. తాత చిన్నప్పుడు అహేరి దిక్కు నుంచి టేకు దుంగలు నీళ్ళ మీద కిందికి పోవుడు చూసిండట. పచ్చి టేకు మునుగుతది, అందుకే చెట్టు సుట్టు బెరడు చెక్కి నిలువునే ఎండనిచ్చి, కొట్టి, వెదురు కట్టల నడుమ కట్టి వదిలేటోళ్ళు. పడవ దారి ఆగిందని ఇంగ్లీషోళ్ళు రాసిండ్రు గని, నది మీద పోవుడు ఆగలే. రాజమండ్రి దాకా కలప పోయింది. కర్ర రిజర్వు ఫారెస్టుల పడ్డంక ఎవలు కొట్టాలె, ఎవలు కట్టాలె అన్నది కూడ మారిపోయింది.

1929ల కాజీపేట–బల్లార్షా రైలు పూర్తయింది. సిరొంచకు ఇయ్యాల్టికీ రైలు లేదు. దుంగలు నీళ్ళొదిలి రైలెక్కినంక ఈ ఒడ్డేమైంది, పడవోళ్ళు ఏం తిన్నరు? గిది నేను అడగనే లేదు.

నీటిలెక్క:
మాస్టారూ, ఇంద్రావతి విషయంలో మీరన్నది సరైనదే, నా పోలిక తప్పు. కాళేశ్వరం దగ్గరి మట్టం చూడాల్సింది.

కానీ అసలు మాట అలాగే ఉంది. పరిహారం ఫైలు నడుస్తుండగా చెప్పే జ్ఞాపకం సాక్ష్యమే తప్ప చరిత్ర కాదు. ఈ అబ్బాయి మైకు పెట్టి రైతుల్ని అడుగుతాడు, వాళ్ళు ఎకరాలు చెబుతారు, ఇతను రాస్తాడు, రేపు ఆ థీసిస్‌ను ఏ వకీలో కోర్టులో పెడతాడు. అప్పుడు మీరు పండితుడా, పిటిషనరా? ఇదీ మీ గైడ్ భయం అనుకుంటాను. ఆయన 1947 అన్నది మీకు దారి చూపించడానికి కాదు, తప్పించుకోవడానికి.

భామ్రాగడ్ పొద్దు:
నాది మాడియా గోండుల ఊరు. తెలుగు అంగడిలో నేర్చుకున్న, తప్పులుంటే ఓర్చుకోండి.

మీరందరూ నిజాం, ఇంగ్లీషు, తెలంగాణ, మహారాష్ట్ర అంటున్నరు. 1860 ఒప్పందానికి రెండేళ్ళ ముందర ఈ అడవిలో గోండులు లేచిండ్రు. వాళ్ళ నాయకుడు బాబూరావ్ శెడ్మాకేను 1858 అక్టోబర్‌లో చాందాలో ఉరి తీసిండ్రు. ప్రాణహిత ఒడ్డున గోండులు చంపిన ఇద్దరు తెల్లోళ్ళు టెలిగ్రాఫ్ పనోళ్ళు. తీగ, తర్వాత పడవ, తర్వాత కర్ర, అన్నీ ఒకే దారిన వచ్చినయి. అన్న సినాప్సిస్ పత్తితోని మొదలైతది. మాది పత్తితోని మొదలు కాదు.

ఇంకోటి. 1980లలో ఇచ్ఛంపల్లి, భోపాలపట్నం ఆనకట్టలు కట్టొద్దని గడ్చిరోలీ ఊళ్ళు లేచినయి, సంఘసేవకుడు బాబా ఆమ్టే ముందర నడిచిండు. మా నాయన ఆ ఊరేగింపులో నడిచిండు. కట్టని ఆనకట్టకు కూడా చరిత్ర ఉంటది కదా? మునిగిన పొలం ఫోటో దొరుకుతది. మునగని అడవికి ఎవరు ఫోటో తీస్తరు? దాన్ని చివరి పేజీలో చిన్న అక్షరాల్లో వేస్తే నేను చదవ.

ఎగ్మోర్ పురుగు:
పొద్దు గారూ, ఈ పేజీలో ఇంతవరకు వచ్చినవాటిలో బరువైన మాట మీదే. నేను కూడా ఆ 1858ని "పూర్వరంగం" అని ఒక పేరాలో సర్దేసేవాణ్ణి.

నీటిలెక్క గారితో నాకొక పేచీ. సొంత పొలం మునిగినవాడు రాయకూడదంటే మనలో ఎవరు మిగులుతారు? హేగ్ తన కాలువ గురించి తనే నివేదిక రాశాడు, దాన్ని మనం ఆధారమనే అంటున్నాం. అబ్బాయి ముందుమాటలో "మా నాన్న పొలం మునిగింది" అని ఒక్క వాక్యం రాసేస్తే, చదివేవాడు తన అనుమానం తను పెట్టుకుంటాడు. అయితే జ్ఞాపకాన్ని దేనితో సరిచూస్తారన్నది నిజమైన ప్రశ్న. దానికి నా దగ్గర జవాబు లేదు, ఎగ్మోర్‌లో మీ బాపు పొలం ఉండదు.

అంకీస మాస్టరు:
నా దగ్గర ఉంది. సాత్‌బారా.

మహారాష్ట్రలో లేనివారికి చెబుతున్నా: ఏడో నమూనా, పన్నెండో నమూనా కలిపిన భూమి కాగితం. ఏడులో ఎవరి భూమి అన్నది ఉంటుంది. పన్నెండులో ఏ సర్వే నంబరులో ఏ ఏడు ఏ పంట వేశారు, ఎంత పడావు (బీడు) పడింది అన్నది. 2021 దాకా తలాఠీ ఏటా పంట చూసి రాయాల్సి ఉండేది, దాన్ని పీక్ పాహణీ అంటారు. చావడిలో కూర్చొనే రాసిన తలాఠీలూ ఉన్నారు, అది వేరే కథ. అయినా ఒక్క ఊరు పట్టుకొని నలభై ఏళ్ళ పన్నెండు నమూనాలు వరసగా పెట్టు. మిర్చి ఎప్పుడొచ్చింది, పత్తి ఎప్పుడొచ్చింది, ఏ ఏడు ఇసుక మేట వేసి పడావు పడింది, మళ్ళీ ఎన్నేళ్ళకు సాగైంది, అన్నీ కనబడతాయి. 1986 తరువాత ఎన్నేళ్ళు పడావు, 2019 తరువాత ఎన్నేళ్ళు పడావు, అది చూడు. నీటిలెక్క గారు అడుగుతున్న సరిచూపు అదే. అందులో చాలా భాగం పరిహారం గొడవ పుట్టకముందు రాసింది కనుక దాన్ని అంత తేలిగ్గా కాదనలేరు.

దానికి లొంగనిది ఒకటుంది. ఎండాకాలంలో నది నడుమ ఇసుక మీద కర్బూజ, దోస పెట్టేవాళ్ళు. ఆ ఇసుకకు సర్వే నంబరు లేదు, కాబట్టి సాత్‌బారా లేదు, కాబట్టి పరిహారం కూడా లేదు. నీళ్ళు నిలిచాక మొదట పోయింది ఆ తోటలే. వాళ్ళ కథకు నోటిమాట తప్ప వేరే ఆధారం దొరకదు. అక్కడ మాత్రం నువ్వు వినాల్సిందే, నమ్మాల్సిందే.

నీటిలెక్క:
పన్నెండో నమూనా మాట నేను ఒప్పుకుంటాను. ఇసుక తోటల దగ్గర "నమ్మాల్సిందే" అన్నది ఒప్పుకోను. వినండి, రాయండి, నమ్మడం చదివేవాడికి వదిలేయండి.

ప్రాణహిత ఒడ్డు:
అందరికీ దండం. సినాప్సిస్ మళ్ళ రాస్తున్న. మొదలు 1858, టెలిగ్రాఫ్ తీగ. నడుమ కర్ర, పడవోళ్ళు, ఇసుక తోటలు. ఇచ్ఛంపల్లి కట్టొద్దన్న ఊరేగింపుకు ఒక పూర్తి అధ్యాయం, దానికి పొద్దు అన్న వాళ్ళ నాయనను కలవాలె, ఆయన ఒప్పుకుంటేనే. దాని ఎనుక 1986. మేడిగడ్డను ఆఖర్ల పదిహేను పేజీలకు కుదిస్తున్న, గని తీసేస్తలేను. సారు మళ్ళ ఎర్రపెన్ను తీస్తే ఈసారి పన్నెండు నమూనాలు ముందర పెడుత. మాస్టర్ సాబ్, తలాఠీ ఆఫీసుల పాత రిజిస్టర్లు చూడనిస్తరా?

అంకీస మాస్టరు:
అడిగితే ఇవ్వరు, అర్జీ పెడితే ఇస్తారు, కూర్చుంటే తొందరగా ఇస్తారు. సోమవారం పొద్దున రా, నేనూ వస్తాను. నకలుకు సర్వే నంబరు కావాలి, బాపును అడిగి చిట్టీ మీద రాసుకొని తెచ్చుకో. మొదటి నకలు మీ పొలానిదే తీద్దాం.