మోకాళ్లకు రాసే ఎల్లిపాయ నూనె వారానికే ఎందుకు పాడవుతున్నది?

మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. అమ్మ మోకాళ్ల నొప్పులకు నాయనమ్మ ఎల్లిపాయ నూనె కాచేది. నెలలు నిలిచేది, ఘాటు పోయేది కాదు. ఆమె పోయినంక నేను కాస్తున్న, నిలుస్తలేదు.

పావు లీటరు గానుగ నువ్వుల నూనె, ఒక పెద్ద ఎల్లిగడ్డ, చెంచా వాము. పాయలు పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచి, సన్న మంట మీద పది నిమిషాలు కాచి, లేత ఎరుపు రాగానే దించుతున్న. వారానికల్లా సీసా అడుగున మబ్బుగా మారి పులిసిన వాసన వస్తున్నది. సీసా ఎండబెట్టిన, నూనె మార్చిన. పాయలు వడగట్టి పోస్తే కొంచెం ఆలస్యంగా అదే వాసన. నల్లబడేదాకా కాస్తే నిలుస్తున్నది గానీ, ఆ మాడు వాసనకు అమ్మ రాయనివ్వదు.

పాయల్లో తడి మిగులుతున్నదని నా అనుమానం. ఆయుర్వేదంలో తైలం కాచేటప్పుడు అడుగు ముద్దను వత్తిలా చేసి మంటలో పెడితే చిటపటమనొద్దంటారు. నాది ఇంకా చిటపటమంటున్నది. 1890లో ఇప్పటి చైనాలోని కుచాలో దొరికిన పాత సంస్కృత వైద్య గ్రంథం బోవర్ రాతప్రతి మొదలయ్యేదే ఎల్లిపాయ గుణాలతో. అంత పాత మందు మా ఇంట్లో ఆగిపోవద్దని నా తపన.

ఇంట్లో ఈ నూనె కాచేవాళ్లు చెప్పండి: పాయలు మాడకుండా తడి మొత్తం పోవాలంటే ఎట్ల కాచాలె?